ఎదురెండలో సముద్రపు పిట్ట

ఒడిశా గంజాం జిల్లాలోని గోపాల్‌పూర్ ఒడ్డు నుంచి తెల్లవారుజామున బోటు తోసేవాళ్లకు సూర్యుడు ఎదురుగా లేస్తాడు. తూర్పు తీరం కాబట్టి దానికి మందు లేదు. చేపల వేటకు అదేమంత ఇబ్బంది కాదు గానీ, పిట్టలు చూడటానికి వెళ్లేవాళ్లకు మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. పుస్తకంలో శుభ్రంగా రంగులేసి ఉన్న పిట్ట, ఎదురెండలో మసిబొగ్గు ముక్కలా దాటిపోతుంది. ముక్కు పసుపా నారింజా, వీపు బూడిదా గోధుమా అని తేల్చుకునేలోపు కెరటం చాటుకు వెళ్లిపోతుంది. మల్పే, కన్నూరు లాంటి పశ్చిమ తీరపు రేవుల నుంచి పొద్దున్నే బయలుదేరేవాళ్లకు ఈ బాధ లేదు, సూర్యుడు వీపు వెనక ఉంటాడు. మన దేశంలో సముద్ర పక్షుల కోసం బోటు యాత్రలు ఎక్కువగా అటువైపే జరిగాయి. ఆ అనుభవంతో పుట్టిన సలహాలను ఉన్నవి ఉన్నట్టు గంజాం జిల్లాకు తెచ్చుకుంటే సగం పనిచేయవు. ఇక్కడ ముందు నేర్చుకోవాల్సింది రంగులేని పిట్టను గుర్తుపట్టడం.

ఆ విద్య ఈ తీరంలో కొత్తది కాదు. బాహుదా నది సముద్రంలో కలిసే సోనాపురం నుంచి ఋషికుల్య మొగ దగ్గరి పోడంపేట దాకా ఊళ్లలో వేట చేసేవాళ్లు చాలావరకు తెలుగు మాట్లాడే వాడబలిజలు, జాలర్లు. ఒడియా వాళ్లు వీళ్లను నోలియాలంటారు. ఇంట్లో తెలుగు, వేలంపాట దగ్గర ఒడియా. సముద్రం మీద ఉన్నప్పుడు వీళ్ల చూపు సగం నీళ్ల మీద, సగం పిట్టల మీద ఉంటుంది. "అటు సూడు బావా, పిట్టలు దిగుతున్నాయి" అని ఒకరంటే, ఆ పిట్ట పేరేమిటని ఎవరూ అడగరు. ఎలా దిగుతోందనేదే లెక్క. ఒకేచోట తిరుగుతూ మళ్లీ మళ్లీ మునిగితే కింద మంద నిలబడి ఉన్నట్టు. దిగుతూ దిగుతూ ముందుకు జరుగుతుంటే మంద పరుగులో ఉన్నట్టు, దాన్ని కింది నుంచి సూర చేపలో మరేవో తరుముతున్నట్టు. కవళ్లు, నెత్తళ్లు పైకి తేలినప్పుడు మనిషి కంటే ముందు పసిగట్టేది పిట్టే.

చాలామంది బోటు మనుషులకు గల్ అయినా టెర్న్ అయినా సముద్రపు కాకే. పేర్ల దగ్గర వాళ్లను తక్కువగా చూసే పట్నం పక్షి ప్రేమికులు, అదే బోటులో గంటసేపు కూర్చున్నాక, దూరాన రెక్కాడించే తీరును బట్టి 'ఇది ఇందాకటిది కాదు' అని మొదట కనిపెట్టేది తమలో ఎవరూ కాదని గమనిస్తారు. ఊరి చివర నుంచి వచ్చే మనిషిని ముఖం కనపడకముందే నడకను బట్టి పోల్చుకుంటాం కదా, అదే సంగతి.

పిట్ట కనపడకముందే సగం జవాబు చెప్పేది బోటు ఉన్న చోటు. ఋషికుల్య మొగ దగ్గర, చిలికా నోటి దగ్గర చలికాలంలో గుంపులుగా కనిపించే గోధుమ తల గల్, నల్ల తల గల్, వాటి కంటే బాగా పెద్దదైన పల్లాస్ గల్ ఒడ్డును పట్టుకుని బతికేవి. ట్రాలర్ పారేసే చెత్త చేపల ఆశ ఉంటే తప్ప లోపలికి ఎక్కువ దూరం రావు. కాస్త లోపలికి పోయాక కొప్పున్న టెర్న్‌లు మొదలవుతాయి. పెద్ద కొప్పు టెర్న్‌కు నిమ్మపండు రంగు ముక్కు, ముదురు బూడిద వీపు. చిన్న కొప్పు టెర్న్‌కు నారింజ ముక్కు, లేత వీపు, సన్నటి ఒళ్లు. ముక్కు నల్లగా ఉండి కొన మాత్రం పసుపు పచ్చగా ముంచి తీసినట్టుంటే అది శాండ్‌విచ్ టెర్న్. ఎదురెండలో ఇవేవీ కనపడవు. అప్పుడు పెద్ద కొప్పు టెర్న్ బరువుగా, నిదానంగా రెక్కాడిస్తుందనీ, చిన్నదానిది తేలిక నడక అనీ గుర్తుపెట్టుకోవడమే మిగులుతుంది. రెండూ పక్కపక్కన ఎగిరితే తేడా ఇట్టే తెలుస్తుంది. ఒంటరిగా ఎగిరితే అనుభవజ్ఞులూ పొరపడతారు, ఎందుకంటే సముద్రం మీద పరిమాణాన్ని పోల్చుకోవడానికి చెట్టూ లేదు, కరెంటు స్తంభమూ లేదు.

తీరం నుంచి ఇంకా దూరం పోతే నీళ్ల రంగు మారుతుంది, బోటు వాళ్లు లోతును బారల్లో చెప్పడం మొదలుపెడతారు, బార అంటే సుమారు ఆరడుగులు. నూరు బారలు దాటిన చోట ఖండతీరపు అంచు, అంటే ఒడ్డు నుంచి సముద్రం కింద పరుచుకున్న తక్కువ లోతు నేల, ముగిసి, నేల ఒక్కసారిగా లోతుకు వాలుతుంది. ఒడిశా తీరంలో ఈ అంచు ఉత్తరాన బాలేశ్వర్ వైపు చాలా వెడల్పు, దక్షిణానికి గోపాల్‌పూర్ దగ్గరకు వచ్చేసరికి ఇరుకు. లోతు నీళ్ల పిట్టల కోసం బాలేశ్వర్ నుంచి పోయేంత దూరం ఇక్కడి నుంచి పోనక్కర్లేదు. షీర్‌వాటర్, స్టార్మ్ పెట్రెల్, బూబీ, ట్రాపిక్ బర్డ్, నల్ల వీపు టెర్న్‌లు కనిపించే అవకాశం ఈ వాలు మీదే ఎక్కువ. అవకాశం అంటే అవకాశమే. గంటసేపు నీళ్లు తప్ప ఏమీ కనపడకపోవడం బంగాళాఖాతంలో మామూలు సంగతి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి కుమ్మరించే మంచినీరు ఉప్పునీటి మీద తేలికపాటి పొరలా పరుచుకుని ఉంటుంది. ఆ పొర అడుగున ఉన్న పోషకాలను పైకి రానివ్వదు. అరేబియా సముద్రంలో నైరుతి గాలులకు అడుగు నీళ్లు పైకి తన్నుకొచ్చి ఆహారం దండిగా పుడుతుంది, పిట్టలూ అటే ఎక్కువ. అక్కడి యాత్రల ఫొటోలు చూసి, ఇక్కడా అలాగే ఉంటుందని డబ్బు కట్టి బోటెక్కినవాళ్లు నిరాశగా దిగుతారు. తప్పు పిట్టలది కాదు, నీళ్లది.

నల్ల వీపు టెర్న్‌లలో రెండున్నాయి, ఇక్కడి యాత్రలో ఎక్కువ వాదన వీటి మీదే నడుస్తుంది. సూటీ టెర్న్‌కు పైన దట్టమైన నలుపు, కింద తెలుపు. నుదుటి తెలుపు కంటి దగ్గరే ఆగిపోతుంది. బ్రైడిల్డ్ టెర్న్ వీపు నలుపు కాదు, గోధుమ కలిసిన బూడిద. నుదుటి తెలుపు సన్నటి కనుబొమలా కంటిని దాటి వెనక్కు సాగుతుంది. పుస్తకం ఇక్కడితో ఆగుతుంది, బోటు మీద అసలు పని ఇక్కడే మొదలవుతుంది. తేలుతున్న దుంగ మీదో, తెగిపోయిన వల బెండు మీదో, ప్లాస్టిక్ డ్రమ్ము మీదో కూర్చుని ఉన్న నల్ల వీపు టెర్న్ కనపడితే అది దాదాపు బ్రైడిల్డే. సూటీ టెర్న్‌కు కూర్చునే అలవాటే తక్కువ. గూడు వదిలిన పిల్ల పెరిగి పెద్దదై మళ్లీ గుడ్లు పెట్టడానికి నేల మీద వాలేదాకా ఏళ్ల తరబడి గాలిలోనే గడుపుతుంది. దాని ఈకలకు నీళ్లను ఆపే శక్తి తక్కువ, నీటి మీద కూర్చుంటే తడిసి మునిగిపోతుంది. అందుకే తిండిని నీటి పైపైనుంచే ముక్కుతో ఎత్తుకుపోతుంది. ఎక్కడ కూర్చుంది అనే ఒక్క ప్రశ్న, కనుబొమ కనపడనంత దూరంలో కూడా సగం తగాదాను తీరుస్తుంది.

ఈ తీరానికి ఇంకో ఆసనం కూడా ఉంది. చలికాలంలో ఋషికుల్య ముందు నీళ్లలో జతకట్టడానికి చేరే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు పైకి తేలి ఎండ కాచుకుంటాయి. పసిఫిక్ మహాసముద్రపు తూర్పు భాగంలో ఇలా తేలే తాబేళ్ల వీపుల మీద బూబీలు, టెర్న్‌లు కూర్చోవడం బాగా తెలిసిన విషయమే. దూరాన నీటి మీద ఏదో నిలువుగా కదలకుండా కనపడితే, దాని కింద డిప్ప ఉందేమో చూసుకోవాలి. ఉంటే బోటును అటు తిప్పకుండా, ఇంజిన్ వేగం తగ్గించి పక్కనుంచి పోవడం మర్యాద.

షీర్‌వాటర్‌ల సంగతికి వస్తే, రెక్క విద్య పూర్తిగా అక్కడ పనికొస్తుంది. ఇవి రెక్కలను బిగించి, ఒక పక్కకు ఒరిగి, కెరటాన్ని కొనతో గీస్తున్నట్టు పోతాయి. పైకి లేస్తాయి, తిరిగి వాలతాయి. నీటిని ఆనుకుని గాలి నెమ్మదిగా ఉంటుంది, కొన్ని అడుగులు పైకి వెళితే జోరుగా ఉంటుంది. ఆ తేడాను వాడుకుని రెక్క ఆడించకుండానే మైళ్లకు మైళ్లు పోగలవు. కాబట్టి గాలి ఉన్న రోజు షీర్‌వాటర్ వేరు, గాలి లేని రోజు షీర్‌వాటర్ వేరు. గాలి పడిపోతే అదే పిట్ట మామూలు పక్షిలా గబగబా రెక్కాడిస్తుంది, చూసేవాడి లెక్క తప్పుతుంది. అందుకే 'రెక్కలు ఎక్కువ ఆడించింది' అని రాసుకునే ముందు గాలి ఎంత ఉందో రాసుకోవాలి.

ఒళ్లంతా ముదురు రంగులో ఉండే షీర్‌వాటర్‌లు మూడు రకాలు ఇక్కడ గుర్తుంచుకోదగ్గవి. వెడ్జ్-టెయిల్డ్‌కు తోక పొడుగు, రెక్కలు కొంచెం ముందుకు వంగి ఉంటాయి, ఎగరడంలో ఒక బద్ధకం ఉంటుంది. ఫ్లెష్-ఫుటెడ్ బరువైన పిట్ట, లేత రంగు ముక్కుకు నల్ల కొన, కాళ్లు గులాబీ. షార్ట్-టెయిల్డ్ ఆస్ట్రేలియా వైపు గుడ్లు పెట్టి పసిఫిక్ ఉత్తరాలకు పోయే ప్రయాణికుడు. తోక పొట్టి, కాళ్లు తోకను దాటి కనపడతాయి, రెక్క అడుగున వెండి మెరుపు, వేగమైన రెక్కాట. దీని దారి అసలు బంగాళాఖాతం మీదుగా కాకపోయినా అప్పుడప్పుడు ఇటు వస్తుంది. తల తెల్లగా, చారలతో ఉంటే అది స్ట్రీక్డ్ షీర్‌వాటర్, దాని విషయంలో తగాదా ఉండదు.

స్టార్మ్ పెట్రెల్‌ను మొదటిసారి చూసినవాళ్లు దాన్ని పిట్ట అనుకోరు. వానకోవెల దారితప్పి సముద్రం మీదకు వచ్చిందనుకుంటారు. విల్సన్స్ స్టార్మ్ పెట్రెల్ బరువు 35 నుంచి 40 గ్రాములు, పిచ్చుక కంటే కాస్త ఎక్కువ. అంటార్కిటికా అంచుల్లో గుడ్లు పెట్టి, మన వేసవిలో హిందూ మహాసముద్రపు ఉత్తర భాగానికి వస్తుంది. బోటు ఆపి, శుభ్రం చేసిన చేపల పేగులు, నూనె నీళ్లలో వదిలితే, ఆకాశంలో ఏమీ లేని చోట పావుగంటలో ఇది హాజరవుతుంది. దానిది వాసన పట్టే ముక్కు. ముక్కు మీద గొట్టం ఉండే ఈ జాతి పిట్టలు, సూక్ష్మ మొక్కలను చిన్న జీవులు మేసేటప్పుడు వెలువడే గంధకపు వాసనను పట్టుకుని కూడా తిండి ఉన్న చోటికి చేరతాయి. నూనె పరుచుకున్న నీటి మీద రెక్కలు పైకెత్తి, కాళ్లు వేలాడేసి, నీటిని తాటిస్తూ నడుస్తున్నట్టు గెంతుతుంది. తోక మొదట తెల్లటి పట్టీ పక్కలకు కూడా చుట్టుకుని ఉంటుంది, కాళ్లు తోకను దాటి పొడుచుకొస్తాయి, అదృష్టం బాగుంటే వేళ్ల మధ్య పొర పసుపుగా మెరుస్తుంది. ఆ తెల్ల పట్టీ లేకుండా, తోక చీలి ఉండి, నీటి మీద ఎక్కువ గెంతకుండా ఎగిరేది కనపడితే స్విన్హోస్ స్టార్మ్ పెట్రెల్ అయ్యే అవకాశం ఉంది.

దొంగపిట్టలను గుర్తుపట్టడానికి వాటిని చూడనే అక్కర్లేదు, టెర్న్‌లను చూస్తే చాలు. మేత మేస్తున్న గుంపు ఒక్కసారిగా చెదిరి, ఒక టెర్న్ కేకలేస్తూ వంకరటింకరగా పరుగు తీస్తే, దాని వెనక స్కువా ఉంటుంది. నోట్లో చేప వదిలేదాకా వదలదు. రెక్క కొనల దగ్గర తెల్లటి మెరుపు ఉంటుంది. స్కువాల్లో పోమరైన్ రకం బరువైనది, ఎదిగిన పక్షికి తోక మధ్య ఈకలు గరిటెల్లా ఉంటాయి. పారసైటిక్ సన్నగా, డేగలా చురుగ్గా ఉంటుంది. పిల్ల స్కువాలను బోటు మీద తేల్చి చెప్పేవాళ్లను కొంచెం అనుమానించాలి. ఫ్రిగేట్ పక్షులు ఇంకో రకం దొంగలు. చీలిన పొడుగు తోక, విరిగినట్టు వంగిన రెక్కలు, రెక్క ఆడకుండా పైపైన తేలడం చూడగానే ఫ్రిగేట్ అని తెలిసిపోతుంది. ఏ ఫ్రిగేట్ అనేది మాత్రం పొట్ట మీద, చంకల దగ్గర తెలుపు ఎలా పరుచుకుందో చూస్తే గానీ తేలదు. దానికి ఫొటోలే దిక్కు. క్రిస్మస్ దీవిలో తప్ప మరెక్కడా గుడ్లు పెట్టని ఫ్రిగేట్ కూడా ఒకటుంది కాబట్టి, తొందరపడి పేరు పెట్టడం మంచిది కాదు.

చిన్న గుంపులుగా నీటి మీద బెండుల్లా తేలుతూ, గిరగిరా తిరిగేవి రెడ్-నెక్డ్ ఫలరోప్‌లు. చూడటానికి ఉప్పుమళ్లలో తిరిగే ఉల్లంకి జాతివి, బతుకు మాత్రం చలికాలమంతా సముద్రం మీద. గంజాం, హుమ్మ ఉప్పుమళ్ల వైపు తిరిగేవాళ్లు వాటిని ముందే చూసి ఉంటే బోటు మీద కంగారు పడరు.

మరి ఎండ సమస్య ఎలా? దానికి దారి గడియారంలోనే ఉంది. చీకట్లోనే బయలుదేరి, తెల్లవారేసరికి వాలు దగ్గరికి చేరి, అక్కడ బోటును తీరానికి సమాంతరంగా తిప్పితే, పొద్దున పూట ఒడ్డు వైపున్న పిట్టలన్నీ వెలుగులో ఉంటాయి. చూసేవాళ్లంతా బోటు ముక్కు దగ్గర గుమిగూడే అలవాటు మానుకుని ఒడ్డు వైపు అంచున కూర్చోవాలి. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు సూర్యుడు మళ్లీ ముఖం మీదకే వస్తాడు, అప్పుడు చూపు వెనక్కి, ఇంజిన్ వైపు ఉండాలి. చాలామంది తిరుగు ప్రయాణంలో కునుకు తీస్తారు. బోటు వెనక పడే పిట్టలు మంచి వెలుగులో కనపడేది ఆ సమయంలోనే.

ఆకాశం శుభ్రంగా ఉంటే చూపు చాలా దూరం పోతుందనుకుంటారు గానీ లెక్క వేరు. నీటి మట్టానికి 2 మీటర్ల ఎత్తున కన్ను ఉంటే క్షితిజం 5 కిలోమీటర్లే. 4 మీటర్ల ఎత్తుకు 7 కిలోమీటర్లు. మీటరు కెరటం లేచిన రోజు నీటిని ఆనుకుని పోయే పిట్ట కొన్ని వందల మీటర్ల దాకానే చూపుకు దొరుకుతుంది. ఫైబర్ బోటు అంచున కాకుండా కాస్త ఎత్తున్న చోట కూర్చుంటే తేడా తెలుస్తుంది. బైనాక్యులర్ 7 లేదా 8 రెట్లది చాలు. 10 రెట్లది పిట్టతో పాటు చేతి వణుకునూ పెద్దది చేస్తుంది. స్టాండు మీద పెట్టే టెలిస్కోప్ ఒడ్డున వదిలేయాలి. పిట్ట ఎక్కడుందో చెప్పడానికి బోటు ముక్కును 12 గంటలు అనుకుని గడియారం పద్ధతిలో అరిస్తే అందరికీ ఒకేసారి అర్థమవుతుంది. 'అదిగో అక్కడ' అంటే ఎవరికీ కనపడదు. వాంతుల మాత్ర ముందురోజు రాత్రి ఒకటి, బయలుదేరే ముందు ఒకటి అని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. కడుపు ఖాళీగా వెళ్లడం మంచి ఆలోచన కాదు. లైఫ్ జాకెట్ గురించి చర్చే లేదు.

నెలల లెక్క పిట్టలకు ఒకటి, చట్టానికి ఒకటి. లోతు నీళ్ల పిట్టలు ఎక్కువగా ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్య ఉత్తర హిందూ మహాసముద్రంలో ఉంటాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట బంద్. ఆ తర్వాత నైరుతి రుతుపవనాలు, ఫైబర్ బోటు కెరటాలను దాటడమే కష్టం. నవంబర్ 1 నుంచి మే 31 దాకా తాబేళ్ల కోసం ఋషికుల్య, దేవి, ధామ్రా నదీముఖాల చుట్టూ 20 కిలోమీటర్ల మేర వేటపై నిషేధం. పైగా గోలబంధ దగ్గర సైన్యం కాల్పుల అభ్యాసం చేసే రోజుల్లో ఆ దిక్కు సముద్రంలోకి పోకూడదు. ఇవన్నీ పోగా మిగిలేది, ఆ నదీముఖాల నిషేధపు హద్దు బయట, మార్చి నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఒక ముక్క, వానలు తగ్గే సెప్టెంబర్ చివర ఒక ముక్క. వేట బోటులో చూసేవాళ్లను ఎక్కించుకునే ముందు మత్స్యశాఖకు, మెరైన్ పోలీసులకు చెప్పి అనుమతి తీసుకోవాలి. తాబేళ్ల నెలల్లో అటవీ శాఖను కూడా అడగాలి. ఆ టెన్షన్ బోటు యజమాని నెత్తిన వేసి తప్పుకోవడం సరైన పద్ధతి కాదు, పట్టుబడితే పోయేది అతని బతుకుతెరువు.

అక్టోబర్ సంగతి ప్రత్యేకం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే ఒడ్డెక్కింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పక్కనే పలాస వైపు తాకింది. తుఫాను సుడిలో చిక్కిన సముద్రపు పిట్టలు నేల మీదకు కొట్టుకొస్తాయి. పొలాల్లో, చెరువు గట్ల మీద, మేడల మీద అలసి కూలబడతాయి. సూటీ టెర్న్ లాంటివి బోటెక్కకుండానే కనపడేది అప్పుడే. అలాంటిది దొరికితే గాలి ఆడే అట్టపెట్టెలో, చీకట్లో ఉంచి, నోట్లో నీళ్లూ తిండీ కుక్కకుండా అటవీ శాఖకు కబురు చేయాలి. జాలిపడి వెంటనే సముద్రంలోకి విసిరితే, తడిసిన ఈకలతో అది మళ్లీ లేవకపోవచ్చు.

చివరికి కాగితం మీదకు ఏం ఎక్కించాలి అన్నది. పక్షుల లెక్కలు చేర్చే ఈబర్డ్‌లో సముద్ర యాత్రలకు వేరే పద్ధతి ఉంది. రోజంతటికీ ఒక జాబితా కాకుండా గంటకో జాబితా, దాంతో పాటు జీపీఎస్ దారి. బంగాళాఖాతం గురించి ఉన్న సమాచారం తక్కువ కాబట్టి, ఏమీ కనపడని గంట కూడా ఒక సమాచారమే, దాన్నీ ఎక్కించాలి. పేరు తెలియని పిట్టను తెలియని పిట్టగానే రాయాలి. అందరూ మెచ్చుకుంటారని నల్ల మచ్చకు వెడ్జ్-టెయిల్డ్ అని పేరు తగిలిస్తే, పదేళ్ల తర్వాత ఆ తప్పు ఒక మ్యాపు మీద చుక్కగా తేలుతుంది. మంచి రాత ఇలా ఉంటుంది: ఉదయం 7.40, లోతు 120 బారలు, గాలి నెమ్మది, ఎదురెండ, ముదురు షీర్‌వాటర్ ఒకటి, ఉత్తరానికి, నిదానంగా రెక్కాట, తోక పొడుగనిపించింది, కాళ్లు తోక దాటాయో లేదో చూడలేదు.